అమెరికా చరిత్రకు కింది సంతకం

అమెరికా ఎప్పుడు పుట్టిందనే విషయంలో మా విశ్వవిద్యాలయంలో రెండు వర్గాలు ఉండేవి. రెండు వర్గాలకూ టీ ఇచ్చేదాన్ని నేనే కాబట్టి ఆ గొడవ మొత్తం నాకు తెలుసు.

శాఖాధిపతి త్రివిక్రమరావు గారిది డెబ్బైఆరు వర్గం. పదిహేడు వందల డెబ్బైఆరులో కొందరు పెద్దమనుషులు కూర్చుని, ఇకమీదట మేం ఎవరి మాటా వినం అని కాగితం రాసుకున్నారట. అమెరికా ఆ రోజున పుట్టిందని ఆయన వాదన. ఎదురుగదిలో ఉండే ప్రభుదాసు గారిది పంతొమ్మిది వర్గం. పదహారు వందల పంతొమ్మిదిలో ఒక ఓడ ఆఫ్రికా మనుషులను పట్టుకొచ్చి అక్కడ అమ్మిందట. ఆ దేశం కథ మొదలైంది ఆ ఓడతోనే కానీ ఆ కాగితంతో కాదని ఈయన వాదన. నూట యాభై ఏడేళ్ళ ఈ తేడా మూలంగా వారిద్దరూ పన్నెండేళ్ళుగా మాట్లాడుకోలేదు. ఇద్దరూ అమెరికా చూడలేదు. ఇద్దరికీ వీసా రాలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే చరిత్ర.

ఇట్లా కాలం గడుస్తుండగా ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. మా అమెరికా చరిత్ర అధ్యయన కేంద్రాన్ని నడిపించే పై సంఘం రాసిన ఉత్తరం అది. ప్రపంచమంతా ఇప్పుడు చరిత్రను కింది నుంచి రాస్తోందనీ, అంటే దొరల వైపు నుంచి కాక కూలీనాలీ వైపు నుంచి రాస్తోందనీ, మీరు కూడా అట్లా రాయకపోతే కేంద్రాన్ని మూసేస్తామనీ దాని సారాంశం.

ఉత్తరం సూపరింటెండెంటు మార్కండేయులు గారి బల్ల మీదికి చేరింది. ఆయన ఏ కాగితాన్నీ భావం కోసం చదవరు. అందులోని ఏ మాటకు రూల్సు పుస్తకంలో నిర్వచనం ఉందో చూస్తారు. ‘కింది’ అనే మాటకు ఉంది. కింది స్థాయి సిబ్బంది అంటే అటెండర్లు, స్వీపర్లు, వాచ్‌మన్లు, తోటపనివాళ్ళు. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

“ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, ఇకపై సమర్పించబడు ప్రతి అమెరికా చరిత్ర సిద్ధాంత గ్రంథముపై, పైవారి సంతకములతో పాటు కింది స్థాయి సిబ్బందిలో ఒకరి సంతకము విధిగా ఉండవలెను. సదరు కింది సంతకము లేని చరిత్ర చెల్లనేరదు.”

ఆ ఒకరు ఎవరో తేల్చడానికి సభ పెట్టారు. వారిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎవరి వాదన వారు సభకు చెప్పుకోవడంతో, సభ ఎప్పటిలాగే ఓడకూ కాగితానికీ మధ్య చిక్కుకుంది. నేను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అయిదుంబావుకు నా బస్సు. అయిదయింది. ఎవరూ లేచే సూచన లేదు.

“ఇంతకీ ఊడ్చేదెవరు సార్?” అన్నాను.

మీరు లేస్తే ఊడ్చుకుని పోతానని నా ఉద్దేశం. అందరూ నా వైపు తిరిగారు.

“ఏమన్నావు నాంచారమ్మా?” అన్నారు ప్రభుదాసు గారు.

“ఊడ్చేదెవరంటన్నానండీ. మీరట్టా మాట్టాడుకుంటా కూసుంటే...”

ఆయన కుర్చీలోంచి లేచారు. “విన్నారా! స్వేచ్ఛ, సమానత్వం అని కాగితం రాసిన ఆ పెద్దమనుషుల ఇళ్ళు ఊడ్చిందెవరు? బానిసలు! మూడొందల పేజీల్లో నేను చెప్పలేనిది ఈమె మూడు మాటల్లో అడిగింది!”

“ఆ మాట అడగొచ్చని లోకానికి నేర్పింది ఆ కాగితమే గదండీ,” అన్నారు త్రివిక్రమరావు గారు. పన్నెండేళ్ళలో వారిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

శ్రీమతి పసుపులేటి నాంచారమ్మ గారిని కింది స్థాయి నిపుణురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. బస్సు పోతుందని అడిగానండీ అని నేను అప్పుడే చెప్పి ఉంటే ఏ గొడవా లేదు. చెప్పలేదు. నా పేరు చివర ‘గారు’ వినపడటం అదే మొదటిసారి. ఇంకోసారి అంటారేమోనని నోరు మూసుకుని నిలబడ్డాను. బస్సు కూడా పోయింది.

నా అర్హతల గురించి ఒక మాట చెప్పాలి. మా ఆయన పోయాక, యాభై నాలుగో ఏట, క్యాంపస్‌లోనే వయోజన విద్య కేంద్రంలో అక్షరాలు దిద్దాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. సిద్ధాంత గ్రంథాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఈ సంగతి నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

నా చేతికొచ్చిన మొదటి గ్రంథం షేక్ గౌసియాది. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ కార్మికుల పిల్ల. ఆరేళ్ళ గడువులో అయిదేళ్ళు దాటిపోయాయి. మార్చి ముప్పై ఒకటో తేదీలోగా సంతకాలన్నీ పడకపోతే ఆరేళ్ళ పనీ రద్దయి మళ్ళీ మొదటికొస్తుంది. పైవారిద్దరూ అప్పటికే సంతకాలు పెట్టేశారు. మిగిలింది కిందిది.

నన్ను సభాగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వాచ్‌మన్ దానియేలు సాసరులో కప్పు పెట్టి టీ తెచ్చి నా ముందు పెట్టాడు. పక్కన రెండు బిస్కెట్లు. ఇరవై రెండేళ్ళు ఆ గదిలోకి టీ మోసినదాన్ని. అక్కడ కూర్చుని తాగితే దాని రుచే వేరు.

గౌసియా పక్కన కూర్చుని కాగితాలు తిప్పింది. పాత దస్తావేజుల ఫొటోలు. ప్రతిదాని అడుగునా ఒకే గుర్తు.

“ఇదేంది, అన్నిటికీ ఇంటూ కొట్టారు? అన్నీ తప్పులేనా?” అన్నాను.

“తప్పు కాదు పెద్దమ్మా, సంతకం. రాయడం రానివాళ్ళు అట్టా గీసేవాళ్ళు. ఇది ఆమె గుర్తు అని పక్కన గుమాస్తా రాసేవాడు.”

“ఎవరామె?”

“హ్యానా అని, నల్లజాతి ఆమె. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చింది చూడండి, దాంట్లో ఆమె మొగుడు సిపాయిగా పోయి చచ్చిపోయాడు. సిపాయి పెళ్ళాలకి ప్రభుత్వం పింఛనిస్తానంది. కానీ నువ్వు పెళ్ళానివని రుజువేందంది. బానిసల పెళ్ళికి కాగితం యాడుంటది? ఇరుగు పొరుగును తీసకపోయి చెప్పించింది. చెప్పిందంతా గుమాస్తా రాశాడు. ఇప్పుడు పండితుల్లో తగువేందంటే, ఆ కాగితం మీదుండే మాటలు హ్యానావా, గుమాస్తావా అని. గుమాస్తావే, నమ్మకూడదని కొందరు. ఆ గుమాస్తా రాత వెనక ఆమె గొంతు వినపడతది, చెవి పెట్టాలని కొందరు. వినపడతదని నేను రాశా.”

ఆ పిల్ల గొంతు నాకు సగమే వినపడింది. నా దృష్టి మార్కండేయులు గారు ఇచ్చిన ఫారం మీద ఉంది. అందులో మూడు గళ్ళు: ఆమోదం, సవరణ, తిరస్కరణ.

“ఆమోదం కొడితే ఏమవుద్ది సార్?” అని ఆయన్ను అడిగాను.

“ప్రక్రియ సమాప్తము. తమరు యథాస్థానమునకు పోవచ్చును.”

యథాస్థానం అంటే చీపురు.

“మరి సవరణ కొడితే?”

“నెల తరువాత తమరి సమక్షమున మరల సమావేశము. కుర్చీ, తేనీరు, రెండు బిస్కెట్లు.”

నేను సవరణ కొట్టాను.

గౌసియా మొహం పాలిపోయింది. “ఏం మార్చాలి పెద్దమ్మా?”

ఏం మార్చాలో నాకేం తెలుసు? నిపుణురాలిని గనక పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పాను. “ఈ ఇంటూలు మరీ ఎక్కువైనయ్యమ్మా. కొంచెం తగ్గించుకురా.”

ఆ పిల్ల తగ్గించుకొచ్చింది. నెల తర్వాత, “ఇప్పుడు మరీ పలచబడినయ్యి. ఇంకొంచెం కింది నుంచి రాయి,” అన్నాను. అంటే ఏమిటో నాకిప్పటికీ తెలియదు. మార్కండేయులు గారికి మాత్రం చాలా నచ్చింది. మినిట్సులో ఎక్కించారు. నేను ఆకుపచ్చ సిరా పెన్ను కొనుక్కున్నాను. దానియేలు టీ తేవడం ఆలస్యమైతే గోడ గడియారం వైపు చూడటం నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళు నా వైపు అట్లా చూసినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

“వదినా, ఏందంత పని?” అన్నాడు దానియేలు ఒకరోజు.

“అమెరికాని సవరిస్తన్నాలేరా,” అన్నాను.

మార్చి మూడో వారంలో ఆడిటు వచ్చింది. కింది స్థాయి గడిలో ఆకుపచ్చ సిరాతో నా పేరు చూసి ఆడిటు వారు అభ్యంతరం రాశారు. ఇంత ముచ్చటగా పేరు రాయగలిగినామె కిందివారు ఎట్లా అవుతారని. వెంటనే రెండో సర్క్యులర్ పుట్టింది. కింది స్థాయి వారిది ఇకపై సంతకం పనికిరాదనీ, వేలిముద్రే ఉండాలనీ, అదీ చదువుకున్నవారిది కాకూడదనీ దాని అర్థమని మార్కండేయులు గారు అందరికీ వివరించారు.

నన్ను తీసేసి చదువురానివాళ్ళ కోసం క్యాంపస్ అంతా గాలించారు. ఒక్కరు దొరకలేదు. చదువురానివాళ్ళు లేక కాదు. నిరుడే మా క్యాంపస్‌ను సంపూర్ణ అక్షరాస్య ప్రాంగణంగా ప్రకటించి, గవర్నరు గారి చేత బోర్డు తెరిపించారు. ఆ బోర్డు ఉండగా ఎవర్నైనా నిరక్షరాస్యులంటే బోర్డు అబద్ధమవుతుంది. కాబట్టి అర్జీ పెట్టుకుని, పరీక్షకు నిలబడి, నిరక్షరాస్యత నిరూపించుకున్నవారికే మినహాయింపు అన్నారు. బోర్డును అబద్ధం చేస్తే ఉద్యోగం పోతుందేమోనని ఎవరూ ముందుకు రాలేదు.

గౌసియా నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. “పెద్దమ్మా, మిమ్మల్ని రెండుసార్లు బతిమాలా. ఇది మూడోది. అర్జీ పెట్టండి. నాకింక తొమ్మిది రోజులే ఉంది.”

అర్జీ పెట్టాను. ‘దరఖాస్తుదారు స్వదస్తూరితో పూరించవలెను’ అని అందులో ఉంది. నిరక్షరాస్యత ధ్రువపత్రం కోరుతూ స్వదస్తూరితో పూరించాను. “చేతివ్రాత ముత్యములవలె నున్నది,” అని మెచ్చుకుని మార్కండేయులు గారు తీసుకున్నారు.

పరీక్ష ముప్పై ఒకటో తేదీ పదకొండు గంటలకు పడింది. గుమ్మం దగ్గర గౌసియా నా రెండు చేతులూ పట్టుకుంది.

“బోర్డు మీద ఏం రాసినా తెల్లగీతలు సార్ అనండి. అంతే. ఇంకొక్క మాట అనొద్దు.”

“నాకు చెప్తావా? ఏభై నాలుగేళ్ళు నాకు అయ్యి గీతలే,” అన్నాను.

లోపల ముగ్గురున్నారు. త్రివిక్రమరావు గారు, ప్రభుదాసు గారు, సుద్దముక్క పట్టుకుని మార్కండేయులు గారు. ఆయన బోర్డు మీద ‘అ’ రాశారు.

“ఇదేమి?”

“తెల్లగీత సార్.”

‘అమ్మ’ రాశారు. రెండు తెల్లగీతలన్నాను. ముగ్గురూ తృప్తిగా తలలూపారు. కిటికీలోంచి గౌసియా నవ్వు మొహం కనపడింది. ఆఖరి ప్రశ్నగా ఆయన ఒక వాక్యం రాశారు: ‘పై పదములు చదివి అర్ధము చెప్పుము.’

నేను బోర్డు వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. మూడేళ్ళ కింద మా పంతులమ్మ నాచేత ఆ ఒక్క అక్షరం పలక నిండా దిద్దించింది. నాలుక కొనమీద మాట దురద పెట్టింది. కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నా కనపడుతోంది.

“సగమే చెప్పమంటారా సార్?” అన్నాను.

“ఏమి?”

“అర్ధం అంటే సగమండీ. పొట్టలో చుక్క పెడితేనే అర్థం అయ్యేది. మీరు చుక్క పెట్టలేదు.”

ఇద్దరు ఆచార్యులూ బోర్డు వైపు తిరిగారు. త్రివిక్రమరావు గారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. తన గ్రంథాల్లో ఆ చుక్క పెట్టానా లేదా అని ఆలోచిస్తున్నట్టుంది. మార్కండేయులు గారు నా అర్జీ మీద ఠపీమని ముద్ర కొట్టారు: ‘అక్షరాస్యురాలు. రుజువైనది.’

బయట వరండాలో గౌసియా నేల మీద కూలబడి ఉంది. ఏడవటం లేదు. అది ఇంకా భయంగా ఉంది.

“చుక్క,” అంది. “ఒక్క చుక్క కోసం నా ఆరేళ్ళు తీసుకెళ్ళి ఊడ్చేశారు గదా పెద్దమ్మా.”

“నోరు జారిందమ్మా...”

“ఇయ్యాల జారింది సరే. ఆ రెండు సవరణలో? అప్పుడేం జారింది? హ్యానా సంగతి మీకు చెప్పలా? ఆమెను ఆ ఆఫీసోళ్ళు ఎన్నేళ్ళు తిప్పారో తెలుసా? పదకొండేళ్ళు. పేరులో ఒక అక్షరం తేడా ఉందని ఒకసారి, సాక్షి చచ్చిపోయాడు ఇంకో సాక్షిని తెమ్మని ఒకసారి. ఆమెను తిప్పినోడు చెడ్డోడు కూడా కాదంట. కుర్చీలో కూసున్నాడు, అంతే. అదంతా నాలుగో అధ్యాయంలో ఉంది. మీరు రెండుసార్లు చదివి వెనక్కి పంపారుగా!”

ఆ పిల్ల మొహం చూడలేక నోటీసు బోర్డు వైపు తిరిగాను. రెండో సర్క్యులర్ అక్కడ అంటించి ఉంది. పెద్దవాళ్ళంతా దాన్ని ఒక్క చూపులో చదివేస్తారు. నాకు అట్లా రాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటేనే నాకు ఏ కాగితమైనా లొంగుతుంది. ‘సదరు గ్రంథమును చ...ద...వ...ని... వారి వేలిముద్రయే చెల్లును.’

ఇంకోసారి కూడబలుక్కున్నాను. చదువురాని వారి అని లేదు. చదవని వారి అని ఉంది.

కాగితం పీక్కుని లోపలికి నడిచాను. ముగ్గురూ లేవబోతున్నారు.

“సార్, గ్రంథాన్ని చదవనోళ్ళ వేలిముద్ర అని ఉందిక్కడ. నేను చదవలేదు. నా వేలిముద్ర తీసుకోండి.”

మార్కండేయులు గారు కాగితం అందుకుని చూశారు. ఆయన డ్రాఫ్టే. “అక్షరము ప్రకారము అటులనే ఉన్నది,” అన్నారు కొంచెం ఇబ్బందిగా. “కానీ తమరు చదివినారు. రెండు పర్యాయములు సవరణలు సూచించినట్లు మినిట్సు ఉన్నవి.”

“నాకు ఇంగ్లీషు రాదండీ.”

ముగ్గురూ నా వైపు తిరిగారు. బస్సు సంగతి చెప్పకుండా మింగినప్పుడు కూడా ఇట్లాగే అయింది. ఈసారి మింగలేదు.

“ఒక్క ముక్క రాదు. రెండు మాట్లూ ఊరికే పేజీలు తిప్పాను. కుర్చీ కోసం సవరణ కొట్టాను. టీ కోసం కొట్టాను. దానియేలు నాకు సాసరు పెట్టి కప్పిస్తన్నాడని కొట్టాను. ఆ పిల్ల గ్రంథంలో తప్పేం లేదు. తప్పంతా నాది. రాసుకోండి.”

చెప్పేశాక మొహం మండిపోయింది. గుమ్మంలో గౌసియా నోరు తెరుచుకుని నిలబడింది. మార్కండేయులు గారు మాత్రం తొణకలేదు.

“మినిట్సు మినిట్సే. సవరణ సూచించినవారు చదివినట్లే భావించవలెను. రికార్డును మనము వెనుకకు తీసుకొనజాలము.”

“మరి సవరణ చెప్పనోళ్ళో?” అన్నాను.

ఆయన ఫైలు తిప్పారు. త్రివిక్రమరావు గారి ఫారం: ఆమోదం, సవరణలు లేవు. ప్రభుదాసు గారి ఫారం: ఆమోదం, సవరణలు లేవు. గ్రంథం అందిన రోజునే ఇద్దరూ సంతకాలు పెట్టారు. మూడొందల నలభై పేజీలు.

“నేను పీఠిక చూశాను,” అన్నారు త్రివిక్రమరావు గారు.

“నేను ఆధార గ్రంథాల పట్టిక చూశాను,” అన్నారు ప్రభుదాసు గారు. “నా పుస్తకాలు రెండూ ఉన్నాయి. ఇంకేం చూడాలి?”

“అనగా తమరిరువురును సదరు గ్రంథమును చదవనివారు,” అన్నారు మార్కండేయులు గారు. ఆయన గొంతులో సంతోషం తొంగిచూసింది. ఖాళీ గడి నిండబోతోందంటే ఆయనకు అంతే. “ఈ వాక్యమున ‘కింది’ అను మాట లేదు. వేలిముద్రలు వేయవచ్చును.”

“వేలిముద్రా? నేనా?” అన్నారు త్రివిక్రమరావు గారు.

“ఈ గ్రంథము రద్దయినచో కేంద్రమునకు ఈ సంవత్సరము గ్రంథములు శూన్యము. శూన్యమైనచో కేంద్రము మూత. మూత పడినచో, అమెరికా ఎప్పుడు జన్మించినదను వాదమునకు తమరికి గది ఉండదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకుప్యాడు వచ్చింది. ముందు ఎవరు వేయాలన్న దగ్గర మళ్ళీ ఆగింది. సంవత్సరం ప్రకారం ముందు మాదే అన్నారు ప్రభుదాసు గారు. కాగితం అనేదే మాతో మొదలైంది అన్నారు త్రివిక్రమరావు గారు. చివరికి ఒకేసారి వేయడానికి ఒప్పుకున్నారు.

“కుడిచెయ్యి కాదు సార్, ఎడమచేతి బొటనవేలు,” అన్నాను. “గట్టిగా నొక్కమాకండి, ముద్దవుద్ది. ఊరికే అట్టా దొర్లించండి.”

దొర్లించారు. ఇద్దరు ఆచార్యులూ నల్లబడ్డ వేళ్ళు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక గాల్లో పట్టుకుని నిలబడ్డారు. నేను చీర కొంగు చింపి ఇచ్చాను. పని అయిపోయిందనుకున్నాం. మార్కండేయులు గారు వేలు ఎత్తారు.

“వేలిముద్రకు అక్షరాస్యుల సాక్ష్యము లేనిది చెల్లదు. అక్షరాస్యత రుజువైనవారే సాక్షి కావలెను.” ఫైలంతా వెతికారు. తన అక్షరాస్యతకు కూడా అందులో రుజువు కనపడలేదు. అట్లాంటి రుజువు ఆ గదిలో ఒక్కరికే ఉంది. దాని మీద ముద్ర ఇంకా ఆరలేదు.

ఆకుపచ్చ పెన్ను తీశాను. నా పేరు పెద్దది. నేను రాసేది నెమ్మది. పూర్తయ్యేదాకా ముగ్గురూ నిలబడే ఉన్నారు. పేరు ముందు సాక్షి అని రాయమన్నారు. రాశాను. మార్కండేయులు గారు గడి నిండిందని చూసి, ‘ఆమోదించడమైనది’ ముద్ర వేసి, టైము రాశారు. పన్నెండు గంటల నలభై నిమిషాలు.

గౌసియా ఫైలు గుండెకు హత్తుకుని నాతోబాటు వరండాలోకి వచ్చింది. నాలుగడుగులు వేసి, తెరిచి చూసుకుని, ఆగిపోయింది.

“పెద్దమ్మా, సాక్షి అని రాయమంటే సాచ్చి అని...”

నేను ఆ పిల్ల కాలు తొక్కాను.

“నోరు మూసుకుని నడు. సవరణంటారు.”